పాదమునకు తగిన జోడు

ఈ సంచికకు మా నుండి ఏ ప్రబంధమును గూర్చియో, ఏ గజలును గూర్చియో వ్యాసమును మీరు ఎదురుచూచి యుందురు. సంపాదకవర్గమువారును అదియే కోరిరి. కాని గోలకొండ విహారయాత్ర నాటి నుండి మా మనస్సును ఒక జత బూట్లు విడువకున్నవి. కావున పాదరక్షలను గూర్చియే వ్రాయుచున్నాము. పెద్దలు మన్నింతురు గాక.

మా పాదములు మొదటినుండియు వెడల్పు. వ్రేళ్లు విసనకఱ్ఱవలె విచ్చుకొని యుండును. బాల్యమంతయు చెప్పులు లేక పొలముగట్లపై తిరిగినవారము. నగరమున ఉద్యోగమున చేరినపుడు మొదటిసారి బూట్లు కొంటిమి. ఏడవ నంబరు పొడవునకు సరిపోయినది కాని వెడల్పునకు పట్టలేదు. అంగడివాడు తొమ్మిదవ నంబరు తొడిగి, “వాడగా వాడగా అదే సర్దుకుంటుంది సార్” అనెను. సర్దుకొనినది బూటు కాదు, మా కాలు. చిటికెనవ్రేలిపై ఆనె కట్టినది. బొటనవ్రేలు లోపలికి ఒరిగినది. మడమ మాత్రము వదులై అడుగడుగునకు జారుచుండెను.

ఇట్లు వెడల్పు కొరకు పొడవును కొనువారు మన దేశమున చాలమంది యున్నారు. చెన్నైలోని కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థవారు 2021 డిసెంబరు నుండి 2022 మార్చి వరకు 79 ప్రదేశములలో లక్షమందికి పైగా జనుల పాదములను కొలిచిరి. మనవారి పాదము ఐరోపా, అమెరికా వాసుల పాదముకంటె వెడల్పని తేలినది. మనము వాడుకకు తెచ్చుకొనిన నంబర్లు ఆంగ్లేయులవి. వాటిలో నంబరునకును నంబరునకును అంగుళములో మూడవ వంతు పొడవు భేదము. వెడల్పు సంగతి ఆ నంబరు చెప్పనే చెప్పదు. 2024లో ‘భ’ అను పేరుతో భారతీయుల కొరకు క్రొత్త కొలతలు ప్రతిపాదించిన వార్త చదివి, ఇన్నేండ్లు మా కాలినే నిందించుకొంటిమి గదా అని నవ్వుకొంటిమి.

ఇంత తెలిసియు మేము చేసిన పని వినుడు.

గోలకొండ యాత్రకు ఏర్పాట్లు మావే. అందరును బూట్లతో రావలెనని ప్రకటన పలకపై వ్రాయించితిమి. రెండవ సంవత్సరపు విద్యార్థి ఒకడు హవాయి చెప్పులతో వచ్చెను. కారణమడుగగా, “నా కాలికి బూటు పట్టదు సార్” అనెను. “బజారులో ఇన్ని బూట్లుండగా నీ ఒక్కడి కాలికే పట్టదా?” అని అందరి యెదుట గద్దించి, కోట ఎక్కవలదంటిమి. అతడు మారుమాటాడక క్రిందనే నిలిచిపోయెను. మేము మూడువందలకు పైబడిన ఆ మెట్లెక్కి బాలాహిస్సారు చేరుసరికి, ప్రవేశద్వారపు గుమ్మటము క్రింది నుండి చప్పట్లు స్పష్టముగా వినవచ్చినవి. పిల్లలు కేరింతలు కొట్టిరి. ఆ చప్పట్లు కొట్టినవాడు అతడేనని తిరిగివచ్చిన పిదప తెలిసినది.

ఆ రాత్రి మేజోడు విప్పగా అది మా చిటికెనవ్రేలికి నెత్తుటితో అంటుకొని యున్నది. మెట్లు దిగునపుడు పాదము ముందునకు జారి, వ్రేళ్లు బూటు మొనకు ఒరసికొనుచునే యుండెను కాబోలు. నొప్పి మాత్రము తెలియలేదు. మాకు మధుమేహము కలదు. అది ముదిరినచో అరికాలి నరములు మొద్దుబారును. నొప్పి లేదని అదే గాయముపై నడచుటచే అది పుండగును. 1946లో వేలూరు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండు కుష్ఠురోగుల కాలి పుండ్లకు మూలము ఈ స్పర్శలేమియేనని గ్రహించి, వారికి మెత్తని రబ్బరు అట్టతో చెప్పులు చేయించెను. ఆ జాతి రబ్బరునే వైద్యులు ఎం.సి.ఆర్. అని మధుమేహుల చెప్పులకును చెప్పుదురు. మా గాయము మానుటకు ఆరు వారములు పట్టినది. ఆ ఆరు వారములును ఆ పిల్లవాని ముఖము కండ్ల యెదుట మెదలుచునే యుండెను.

గాయము మానిన పిదప పాతబస్తీలో ఒక వృద్ధ మోచీ కడకు పోతిమి. ఆయన కాగితముపై నిలువబెట్టి రెండు పాదముల చుట్టును పెన్సిలు గీత గీచెను. కూర్చున్న కాలు వేరు, బరువు మోయు కాలు వేరట. సాయంకాలమే రమ్మనుటకు కారణము, దినమంతయు నడచిన కాలు కొంత ఉబ్బి యుండుటయే. మా పాత బూటు అట్టను బయటకు తీసి దానిపై నిలువుమనెను. పాదము రెండు ప్రక్కల పొర్లి, అట్ట కనబడలేదు! “కసూర్ పాఁవ్ కా నహీఁ సాబ్, ఫర్మే కా హై” అనెను. తప్పు కాలిది కాదు, జోడు కుట్టు అచ్చుదని అర్థము. ముప్పదియేండ్ల మా పాండిత్యమున ఇంత చక్కని వాక్యము మేము వ్రాయలేదు.

హవాయి చెప్పు కోటమెట్లకు తగినదని మేము ఇప్పటికిని అనము. దానికి మడమను పట్టు ఆధారము లేదు. అది జారిపోకుండ వ్రేళ్లు ముడుచుకొనియే నడువవలెను. వెడల్పు పాదమునకు కావలసినది ముందుభాగమున విశాలము, మడమ వద్ద బిగువు, పొడవైన వ్రేలి ముందు బొటనవ్రేలి వెడల్పంత చోటు, వ్రేళ్ల మొదట మాత్రమే వంగు అడుగు. వెనుక పట్టీ గల సాండలులోనైనను ఇవియన్నియు ఉండవచ్చును. త్రాళ్ల బూటే అయినచో, పాదము మిక్కిలి వెడల్పైన చోట ఒక జత రంధ్రములను వదలి త్రాడు కట్టినను కొంత ఊరట కలుగును.

కళాశాల పాలకవర్గమువారికి మా విన్నపము ఒక్కటే. విహారయాత్రలకును వ్యాయామమునకును బూట్లే ఉండవలెనను నియమమును సడలించి, మడమపట్టీ గల సాండళ్లను కూడ అనుమతింప ప్రార్థన. ఆ నియమము వ్రాసినది మేమే గనుక, మార్చుమని అడుగుటయు మా వంతే.

ఆ విద్యార్థిని స్టాఫు గదికి పిలిచి, తోటి అధ్యాపకుల సమక్షమున క్షమాపణ కోరితిమి. అతడు సిగ్గుపడి, “పర్వాలేదు సార్” అని తలవంచుకొనెను. మరునాడు అతనిని మోచీ కడకు తీసికొనిపోయితిమి. అతని పాదము మాకంటెను వెడల్పు. జోడు ఇంకను సిద్ధము కాలేదు. అంత వెడల్పు ఫర్మా లేక, ఉన్నదానికి ప్రక్కల తోలుముక్కలు అంటించి సరిచేయుచున్నాడట. వచ్చే జుమ్మా తరువాత రమ్మని చెప్పినాడు.