వజ్రం ఎక్కడుందో చెప్పొద్దు

‘‘వజ్రాలు పోయినాయి.’’ కర్నూలులోని ఓ అద్దె ఇంట్లో మే నెల రాత్రి పదిన్నరకు వినిపించిన మాట ఇది. అన్నవాడికి 14 ఏళ్లు. విన్న తండ్రికి నోటి దాకా వెళ్లిన ముద్ద ఆగిపోయింది. తుగ్గలి వైపు పల్లె నుంచి వచ్చిన ఆ కుటుంబంలో వజ్రం అన్నది ఊరికే నోట్లోంచి వచ్చే మాట కాదు మరి.

లేచి వెళ్లి చూస్తే సంగతి వేరు. ఆన్‌లైన్ క్లాసుల కోసం 2020లో కొన్న లాప్‌టాప్ ముందు కొడుకు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. ఎర్రబారిన తెర మీద ‘నువ్వు చచ్చిపోయావ్’ అని ఇంగ్లిషులో రాసి ఉంది. ఆట పేరు మైన్‌క్రాఫ్ట్. ఎనిమిది రోజులు తవ్వి, మూడు చోట్ల దొరికించుకున్న ఏడు వజ్రాలు లావాలో కాలిపోయాయి. ‘‘ఓస్, ఆటలోవేనా’’ అంటూ తల్లి వంటింట్లోకి వెళ్లిపోయారు. తండ్రి మాత్రం అక్కడే నిలబడ్డారు. కొడుకు కళ్లలో నీళ్లు ఆటవి కావు.

ఈ ఆట తెలియని వారికి రెండు ముక్కలు. స్వీడన్‌కు చెందిన మార్కస్ పెర్సన్ 2009లో తొలి రూపం విడుదల చేసిన మైన్‌క్రాఫ్ట్‌ను 2014లో మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. 2023 నాటికి 30 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. అంత పేరున్న ఆట చూడ్డానికి మాత్రం పిల్లలు చెక్క ముక్కలు పేర్చినట్టు ఉంటుంది. చెట్లు, కొండలు, గొర్రెలు, సూర్యుడు అన్నీ చతురస్రాలే. ఏం చేయాలో ఎవరూ చెప్పరు. ఉత్త చేతులతో చెట్టు నరకాలి. ఆ కర్రతో పికాసు, దాంతో రాయి, రాతి పికాసుతో ఇనుము. రోజంటే 20 నిమిషాలు. చీకటి పడితే దెయ్యాలు, భూతాలు. ఇనుప పికాసు చేతికొచ్చాక గానీ వజ్రం ముట్టుకునే యోగ్యత రాదు. తొందరపడి రాతి పికాసుతో కొడితే రాయి పగులుతుంది, వజ్రం మాత్రం రాదు. ఆ పాఠం ఈ కుర్రాడు మొదటి వారంలోనే నేర్చుకున్నాడు, ఒక వజ్రం ఖరీదుతో.

వజ్రాలు అడుగున ఉంటాయి. 2021 నవంబరులో వచ్చిన మార్పు తర్వాత ఆ లోకం నేల మైనస్ 64 దాకా దిగింది. కిందికి పోయేకొద్దీ వజ్రాలు పెరుగుతాయి. అందుకే అనుభవజ్ఞులు మైనస్ 59 దగ్గర నిలబడి, మనిషి పట్టేంత సొరంగం తిన్నగా తవ్వుకుంటూ పోతారు. పక్కలకు మళ్లీ చిన్న సొరంగాలు. నల్లటి రాయి, మళ్లీ నల్లటి రాయి, మధ్యలో కాస్త ఇనుము. గంటల తరబడి ఇదే. పొలంలో కలుపు తీయడానికి బద్ధకించే పిల్లలు ఈ కూలికి డబ్బిచ్చి మరీ వెళ్తారన్నది తల్లిదండ్రులకు ఎప్పటికీ అర్థం కాని విషయం. ఎక్కడో ఓ చోట రాతిలో లేత నీలం చుక్కలు మెరుస్తాయి. దాని కోసమే ఇదంతా.

లావా ఉండేదీ ఆ లోతులోనే. కాళ్ల కింది రాయిని తవ్వకూడదన్నది ఈ ఆటలో మొదటి సూత్రం. మూడోచోట దొరికిన సంబరంలో కుర్రాడు అదే తవ్వాడు. మామూలుగా చస్తే చేతిలోని వస్తువులు అక్కడే పడి ఉంటాయి, అయిదు నిమిషాల్లో పరిగెత్తి వెళ్తే తిరిగి ఏరుకోవచ్చు. లావాలో పడితే ఆ అవకాశం కూడా ఉండదు.

మర్నాడు పక్కింటి స్నేహితుడు ఓ ఉపాయం చెప్పాడు. ఈ ఆటలో ప్రతి లోకానికీ ‘సీడ్’ అనే ఓ అంకె ఉంటుంది. ఆ విత్తనం నుంచే కొండలు, నదులు, గనులు అన్నీ మొలుస్తాయి. అంటే ఏ వజ్రం ఎక్కడుందో ఆడేవాడు అడుగు పెట్టకముందే ఖరారైపోయి ఉంటుంది. ఆ అంకె కొడితే చాలు, వజ్రాల జాడ చూపించే వెబ్‌సైట్లు ఉన్నాయి. తిన్నగా వెళ్లి తవ్వుకోవడమే.

‘‘వద్దులే,’’ అన్నాడు కుర్రాడు.

ఆ మాట చెవిన పడ్డ తండ్రికి ఎందుకో కోపం వచ్చింది. ‘‘జాడ చెప్తామంటే వద్దంటావేందిరా?’’ అని గట్టిగానే అడిగారు. ‘‘అట్ల చూసుకుంటే ఇంక ఆడేదేముంది నాన్నా?’’ అన్నాడు కొడుకు. ‘‘మా నాయనకు అట్లాంటి నంబరు ఒక్కటి దొరికింటే...’’ అని ఆయన మొదలుపెట్టి, పూర్తి చేయకుండానే బయటికి వెళ్లిపోయారు.

పూర్తి చేయని మాట వెనక చాలా జూన్ నెలలు ఉన్నాయి. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చుట్టుపక్కల పొలాల్లో జనం దిగుతారు. కర్నూలు, అనంతపురం జిల్లాల నుంచే కాదు, కర్ణాటక నుంచి కూడా వస్తారు. వాన పైమట్టిని కడిగేశాక ఎండ తగిలితే రాళ్లు మెరుస్తాయి. ఇక్కడ ఎవరూ సొరంగాలు తవ్వరు. నడుము వంచి, నేల చూస్తూ నడవడమే. వజ్రం పుట్టేది భూమిలో 150 కిలోమీటర్లకు పైగా లోతున. అక్కడి నుంచి పురాతన అగ్నిశిలలు దాన్ని పైకి మోసుకొచ్చాయి. వజ్రకరూరు దగ్గరున్నవి అలాంటి శిలలే. అక్కడి దాకా భూగర్భ శాస్త్రం చెబుతుంది. ఏ రైతు చేనులో, ఏ చాలు పక్కన అన్నది మాత్రం చెప్పదు.

చిక్కేమిటంటే వేరుశనగ విత్తేదీ ఆ నెలలోనే. కుర్రాడి తాత విత్తనాలు ఇంట్లో పెట్టి పక్క ఊళ్ల పొలాలు తొక్కేవారు. ఎనిమిదేళ్ల వయసులో తండ్రి కూడా ఆయన వెంట నడిచారు, సద్ది మూట మోస్తూ. వాళ్లకు ఓసారి ఓ రాయి దొరికింది. గింజంత రాయి, అటూ ఇటూ తిప్పితే వెలుగు. ఊళ్లోకి వచ్చిన వ్యాపారి భూతద్దంలో చూసి పలుగురాయి అన్నాడు. తాత నమ్మలేదు. కొట్టేయడానికే అబద్ధమాడాడని పట్టుబట్టి గుడ్డలో కట్టి ఇంటికి తెచ్చేశారు. రెండో వ్యాపారికి చూపించమని ఇంట్లో ఎంత పోరినా వినలేదు. ఆ ఏడు విత్తనం ఆలస్యమైంది, పంట రాలేదు. అప్పు తీర్చడానికి రెండెకరాలు అమ్మారు. రాయి మాత్రం ఇప్పటికీ అవ్వ ట్రంకుపెట్టెలో ఉంది.

మూడో రోజు రాత్రి తండ్రి వచ్చి కొడుకు పక్కన కుర్చీ వేసుకున్నారు. సీడ్ సంగతి ఎత్తలేదు. నల్లటి రాయి పగులుతూనే ఉంది. అరగంట, ముప్పావుగంట. ఆయన కళ్లే ముందు పట్టుకున్నాయి. ‘‘ఎడమ పక్కరా, కింద, నీలంగా’’ అన్నారు. కొడుకు ఈసారి తొందరపడలేదు. నీళ్ల బకెట్ చేతికి తీసుకున్నాడు. చుట్టూ ఉన్న రాళ్లను ఒక్కొక్కటే తీసి, వెనక లావా లేదని చూసుకున్నాకే వజ్రం మీద దెబ్బ వేశాడు. నాలుగు దొరికాయి.

‘‘అమ్ముతావా?’’

‘‘ఎవరికి అమ్మాల? మూడు వజ్రాలు, రెండు కట్టెలు పెడితే పికాసు అయితాది.’’

‘‘పికాసుతో?’’

‘‘ఇంకా తవ్వాల.’’

ఆయన గట్టిగా నవ్వారు. వంటింట్లోంచి తల్లి తొంగి చూశారు.

జూన్ మొదటి వారంలో ముగ్గురూ ఊరికి వెళ్లారు. అప్పటికే ఓ వాన పడింది. రోడ్డు పక్క చేలల్లో గొడుగులు, సద్ది మూటలు, వంగిన వీపులు. బస్సు కిటికీలోంచి కుర్రాడు చాలాసేపు చూశాడు. ఇంటికి చేరాక అవ్వ నడిగి ట్రంకుపెట్టె తెరిపించాడు. గుడ్డ ముడి విప్పి, రాయిని గడప దగ్గర వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పాడు. ‘‘కర్నూలులో షాపులో చూపిద్దామా నాన్నా?’’ అని అడిగాడు.

తండ్రి జవాబు చెప్పలేదు. అవ్వ రాయి తీసుకుని, గుడ్డలో చుట్టి, ముడి మీద ముడి వేసి పెట్టె అడుక్కి తోశారు. భోజనాలకు లేవమన్నారు.