గండికోట మీద తదియ చంద్రుడు

ఉగాది పచ్చడి తిన్న రెండో రోజు. 2023 మార్చి 24, శుక్రవారం, చైత్ర శుద్ధ తదియ. ఆ సాయంత్రం చంద్రుడూ శుక్రుడూ పక్కపక్కనే కనిపిస్తారని తెలిసిన దగ్గర్నుంచీ డల్లాస్ నుంచి మా అమ్మాయి ఒకటే ఫోన్లు. 'నాన్నా, ఫొటో తీసి పంపాల్సిందే!'

అక్కడా చంద్రుడున్నాడుగా, నువ్వే చూసుకోమ్మా అన్నాను. చిక్కంతా అక్కడే ఉందట. చంద్రుడు గంటకి దాదాపు తన వెడల్పంత దూరం తూర్పుకి జరిగిపోతుంటాడు. మనకి పొద్దుగూకాక మరో పన్నెండు గంటలకిగానీ డల్లాస్‌లో పొద్దుగూకదు. అప్పటికి ఇద్దరి మధ్యా పది పన్నెండు చందమామలు పట్టేంత ఎడం వచ్చేస్తుంది. అంటే ఆ దృశ్యం తనకి నా కెమెరాలోనే దొరకాలి.

మా ప్రొద్దుటూరు మేడ మీంచి చూస్తే ఆకాశం కంటే కరెంటు తీగలే ఎక్కువ. అందుకే గండికోట గుర్తొచ్చింది. జమ్మలమడుగు దాటి 15 కిలోమీటర్లు వెళితే చాలు. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయిన గండి పక్కన కోట కాబట్టి ఆ పేరు. పెమ్మసాని నాయకులు ఏలిన చోటిది. 17వ శతాబ్దంలో గోల్కొండ తరఫున మీర్ జుమ్లా వచ్చి పట్టుకున్నాడు. మాధవరాయస్వామి ఆలయ గోపురం, కాస్త దూరంలో జామియా మసీదు మినార్లు... రెండూ ఒకే చూపులో పడతాయి. లోయ అంచున నిలబడి ఫొటో దిగడానికే అందరూ ఎగబడతారుగానీ నన్నడిగితే గండికోట అందం ఈ రెండింటి మధ్య నడకలోనే ఉంది.

నా లెక్క సులువైంది. మసీదు ముఖమండపం ఎదుట నిలబడితే మనం చూసేది పడమటికి. నెలవంక ఉండేదీ అటే. మినార్ల మధ్య చంద్రుడు, కింద చుక్క!

'చీకటి పడకముందే బయటికి వచ్చేయాలి సార్' అన్నాడు కాపలా మనిషి.

లెక్కంతా తారుమారైంది. ఎంత బతిమాలినా వినలేదు. అతని తప్పేం లేదులెండి. స్టాండు భుజాన వేసుకుని ధాన్యాగారం పక్కగా ఆ రాళ్లలో పరుగులాంటి నడక. మా ఆవిడ 'ఏమండీ, నెమ్మదిగా... పడతారు' అంటూ వెనకాలే. చివరికి ఒక్క మినారు కొస మాత్రం కనిపించే చోటు దొరికింది.

ఆరున్నరకి సూర్యుడు దిగాడు. పైకి చూస్తే ఇద్దరూ అక్కడే ఉన్నారు! సన్నటి నెలవంక, దాని కింద లాకెట్‌లా శుక్రుడు. పగటి వెలుగులోనే దేశంలో చాలాచోట్ల చంద్రుడు శుక్రుణ్ని కప్పేసి, మళ్లీ వదిలాడు. చూడ్డానికి అంటుకున్నట్టున్నా చంద్రుడున్నది నాలుగు లక్షల కిలోమీటర్ల లోపే, శుక్రుడేమో 18 కోట్ల కిలోమీటర్ల అవతల.

మొదటి పది ఫొటోలూ పాడయ్యాయి. వెలుగు ఎక్కువ పట్టి నెలవంక తెల్లటి ముద్దయింది. కెమెరాని దాని ఇష్టానికి వదిలేస్తే అంతే. చీకటిని చూసి కంగారుపడి ఎక్కువసేపు కన్ను తెరుస్తుంది. ఐఎస్‌ఓ 400 పెట్టి సెకనులో వందో వంతుకి తగ్గించాక వంక అంచు చక్కగా తేలింది. మరి మినారు? నల్లగా మాయం. అదీ కావాలంటే సెకను దాకా తెరవాలి. అప్పుడు చంద్రుడి చీకటి భాగం కూడా బూడిదరంగులో కనిపిస్తుంది. భూమి మీంచి అక్కడికి వెళ్లి తిరిగొచ్చిన వెలుగది. వేలు తగిలినా అదురుతుందని రెండు సెకన్ల టైమర్ పెట్టి ఊపిరి బిగపట్టాను. సూర్యాస్తమయం తర్వాత అరగంట, ఆకాశం ముదురు నీలంగా ఉన్నప్పుడు తీసినవే పనికొచ్చాయి.

ఆ రోజే మొదటి రోజా. పక్కన రాతి మీద కూర్చుని ఉపవాసం విడుస్తున్న కుర్రాళ్లు మాకూ రెండేసి ఖర్జూరాలు ఇచ్చి, కెమెరాలో తొంగిచూశారు. 'మొన్న దీని కోసం ఎంత వెతికామో సార్... ఇవాళ చుక్కనీ వెంటేసుకొచ్చింది' అని నవ్వారు.

మర్నాడు పొద్దున్నే ఆరుంపావుకి డల్లాస్ నుంచి ఫోన్. 'నాన్నా, ఇప్పుడే బయటికొచ్చి చూస్తున్నా. చంద్రుడు ఎక్కడో పైకెళ్లిపోయాడు. చుక్క కింద ఒక్కటే ఉంది. నీ ఫొటోలో మూలన నల్లగా ఉందే, అదేంటి?'

'మినారు కొసమ్మా' అన్నాను.