మా గెడ్డకు వచ్చే పిట్ట

వలస పక్షుల పాఠం వచ్చినప్పుడు మేం టీచర్లం తేలినీలాపురం గూడబాతుల గురించీ, పులికాట్ ఫ్లెమింగోల గురించీ చెప్తాం. పిల్లలు రాసుకుంటారు. వాళ్లలో ఆ ఊళ్లు చూసినవాళ్లు ఎవరూ లేరు. మా బడి వెనక గెడ్డకూ ఏటా ఒక వలస పక్షి వస్తుంది. దాన్ని చూడని పిల్లలు లేరు. కానీ పాఠంలో లేదు కాబట్టి దాని సంగతి చదువు కాదనుకుంటున్నారు. మాకు బాధ కలిగించేది ఇదే.

తెలుగులో దాన్ని ఉల్లంకి పిట్ట అంటారు. ఇంగ్లీషు పేరు కామన్ శాండ్‌పైపర్. గోరింక కంటే కొంచెం చిన్నది. వీపు మట్టిరంగు, పొట్ట తెలుపు. రొమ్ముకూ మడిచిన రెక్కకూ మధ్య ఆ తెలుపు ఒక పాయలా పైకి వెళ్తుంది.

అయితే దూరం నుంచి ఒడ్డు పిట్టలన్నీ ఒకే రంగులో కనిపిస్తాయి. అందుకే రంగు కంటే ముందు నడవడిక చూడమని పిల్లలకు చెప్తాం. ఉల్లంకి నిలబడినా నడిచినా వెనక భాగాన్ని కిందికీ పైకీ ఊపుతూనే ఉంటుంది. బెదిరితే నీళ్లను తాకుతుందా అన్నంత కిందుగా ఎగురుతుంది. రెక్కలు బారుగా కొట్టదు. నాలుగుసార్లు వణికించి, బిగబట్టి జారుతుంది. అప్పుడు రెక్క మీద తెల్ల గీత కనిపిస్తుంది. దాని దగ్గరి చుట్టం గ్రీన్ శాండ్‌పైపర్‌కు ఆ గీత ఉండదు, ఎగిరేటప్పుడు నడుము తెల్లగా మెరుస్తుంది.

ఇక్కడ ఉల్లంకి ఎక్కువగా ఒంటరిగానే తిరుగుతుంది. గెడ్డలో ఒక మలుపు చూసుకుని, రాళ్ల సందుల్లో పురుగులు ఏరుకుంటుంది. మన దగ్గర గుడ్లు పెట్టదు. కాశ్మీర్, లడఖ్‌లలోనూ, ఇంకా ఉత్తరాన ఆసియా, యూరప్ దేశాల్లోనూ నీటి ఒడ్డున నేల మీదే గూడు చేసి, సాధారణంగా 4 గుడ్లు పెడుతుంది. చలికాలం అక్కడ నీటి అంచులు గడ్డకడితే పురుగు దొరకదు. అందుకే దక్షిణానికి వస్తుంది.

ఎప్పుడొస్తుందని అడిగితే పిల్లలు నెల చెప్పలేకపోయారు. ఒక అమ్మాయి వాళ్ల నాయనమ్మను అడిగి వచ్చింది. "కొర్రకొత్తకు ముందే వస్తాది. ఇటుకల పండుగ దాటేక ఇంక కనపడదు" అందట ఆమె. పక్షుల పుస్తకాలేమో ఆగస్టు నుంచి ఏప్రిల్, మే దాకా అంటాయి. లెక్క ఒకటే. ఆమె పలక పట్టలేదు కానీ, బతుకంతా గెడ్డకు నీళ్లకు వెళ్లింది.

ఆ లెక్క ఇప్పటిదాకా ముసలివాళ్ల నోట్లోనే ఉంది. మరోపక్క గెడ్డ ఇసుక ట్రాక్టర్లలో పోతోంది. రేపు ఆ పిట్ట రావడం మానేస్తే, ఏ ఏడాది నుంచి రాలేదో చెప్పడానికి మన దగ్గర కాగితం ఉండదు.

కాబట్టి తోటి టీచర్లకూ పిల్లలకూ ఒక మాట. బడి గోడకు ఒక చార్టు పెడదాం. ఏ పండుగ ముందు, ఏ తేదీన, గెడ్డ ఏ మలుపులో, ఎన్ని పిట్టలు కనిపించాయో రాద్దాం. ఇంట్లో దాన్ని ఏ పేరుతో పిలుస్తారో మన భాషలోనే, తెలుగు అక్షరాల్లో రాద్దాం. పిల్లవాడు ఆ పేరు నోట్సులో రాస్తే ఎర్ర సిరాతో కొట్టేయకండి. పక్కన ఉల్లంకి అని కూడా రాయించండి.