వీల్‌చెయిర్‌తో సహా రంగులరాట్నం

ఆటిజం ఉన్న పిల్లాణ్ణి పార్కుకి తీసుకెళ్లాలంటే మాకు రైడ్ల కంటే క్యూలంటేనే భయం. ఎండలో నిలబడటం, చెవులు చిల్లులు పడే మైకులు, వాడు గట్టిగా అరిస్తే మావైపు తిరిగే మొహాలు. అందుకే టెక్సస్, శాన్ ఆంటోనియోలోని మోర్గాన్స్ వండర్‌ల్యాండ్ గురించి రాయకుండా ఉండలేకపోతున్నా.

ఈతకొలనులో వైకల్యం ఉన్న మోర్గాన్ అనే అమ్మాయి ఆడుకుందామని దగ్గరికెళ్తే మిగతా పిల్లలు తప్పుకుని వెళ్లిపోయారట. అది చూసిన తండ్రి గోర్డన్ హార్ట్‌మన్ 2010లో ఈ పార్కు తెరిచారు. వైకల్యం ఉన్నవాళ్లకి ప్రవేశం ఉచితం. 2017లో వాటర్ పార్కూ వచ్చింది. బ్యాటరీ కుర్చీ నీళ్లలోకి దిగదు కదా, అక్కడ గాలి ఒత్తిడితో నడిచే కుర్చీలున్నాయి!

మేం వెళ్లినప్పుడు మావాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రంగులరాట్నం ఎక్కాడు. పక్కనే ఒక పాప వీల్‌చెయిర్‌లోంచి దిగకుండానే గుర్రాలతో పాటు పైకీ కిందికీ ఊగుతోంది. వాడు ఆ చక్రాల వంకే చూసి చూసి, ఆగగానే "మళ్లీ" అన్నాడు. మాటలు పొదుపు వాడికి.

మన దేశంలోనూ వినోదంలో వైకల్యం ఉన్నవాళ్లకి సమాన అవకాశం ఉండాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. హైదరాబాద్, విజయవాడల్లో పార్కులు నడిపే పెద్దలారా, కనీసం వీల్‌చెయిర్ ఎక్కే ఉయ్యాల ఒక్కటి పెట్టండి. మేం తప్పకుండా వస్తాం.