సప్పుడు

మైకు రాకముందు మా ఊరికి మా నాయినే మైకు. పంచాయతీ పన్ను, పోచమ్మ బోనాలు, తప్పిపోయిన బర్రె, సచ్చిపోయిన దొర - ఏ ముచ్చటైనా ఊరి చెవిన పడాలంటే మాదిగోడు డప్పు కొట్టాల్సిందే. గడ్డి మంట మీద డప్పు కాస్తుంటే నేను పక్కన కూసునేవాణ్ణి. తోలుకు తేమ తగిలితే గొంతు పడిపోతది. సెగ తగిలితే బిగుసుకొని ఖంగుమంటది. వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకొని, "ఇంకా కాలాలె" అనేటోడు. ఇయ్యాల ఎనిమిదో తరగతికి ధ్వని పాఠం చెప్పేటప్పుడు తన్యత, పౌనఃపున్యం అని బోర్డు మీద రాస్తాను. ఆ మాటలు మా నాయినకు తెల్వవు. ఆ పాఠం మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్న.

చాటింపులో డప్పు ఆయనది, మాట వాళ్లది. గొంతు ప్రతి ఇంట్లోకి పోయేది, మనిషి మాత్రం వాకిలి బయటే.

తర్వాత మండల కేంద్రం నుంచి మైకుసెట్టు వచ్చింది. వేపచెట్టుకు రెండు గొట్టాలు కట్టిన్రు. చాటింపు పోయినందుకు మా అవ్వ సంబరపడ్డది. నాకూ బెంగ లేదు. వెట్టి మీద బెంగ పెట్టుకునేటోళ్లు వెట్టి చెయ్యనోళ్లే. కానీ మైకు ముట్టబోతే షాకు కొడ్తదని మమ్మల్ని బెదిరించేటోళ్లు. పటేండ్ల పిల్లలు మాత్రం దాన్ని పట్టుకొని హలో హలో అని ఊదుతుండేటోళ్లు. కరెంటుకు కులం తెలుసునేమో అనుకునేవాణ్ణి.

నా దగ్గర పదో తరగతి చదివిన మా వాడ పిల్లగాడొకడు హైదరాబాద్‌లో సౌండు కంపెనీలో పనికి కుదిరిండు. పెట్టెలు మోసుడు, వైర్లు పరుసుడు. పెద్ద సభల్లో స్టేజీకి రెండు దిక్కులా అరటిగెల లెక్క వేలాడే స్పీకర్లను లైన్ అరే అంటారని వాడే చెప్పిండు. 1992లో ఫ్రాన్సులో ఎల్-అకూస్టిక్స్ కంపెనీ వి-డాస్క్ పేరుతో తెచ్చిన సెట్టు తర్వాత ఈ పద్ధతి లోకమంతా పాకింది. మామూలు పెట్టె మోత దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ పడిపోతది. ఇట్ల ఒకదాని కింద ఒకటి కట్టిన వరుసది కొంతదూరం దాకా 3 మాత్రమే పడిపోతది. అంటే వెనక కూసున్నోళ్లకు గూడ మాట అందుతది. వెనక కూసునేటోళ్లు ఎవరో మనకు తెల్సు గదా!

అయితే మిక్సరు ముందు కుర్చీ వేరేవాళ్లది. మిక్సరు డిజిటల్ అయ్యాక పెత్తనం ఇంకా లోపలికి చేరింది. గేటు అని ఒకటుంటది, సప్పుడు ఒక హద్దు కంటే తగ్గితే తలుపు మూసేస్తది. కంప్రెసర్ అని ఇంకోటి, ఎగిసిపడే దెబ్బను అణిచేస్తది. ఉపన్యాసం కోసం పెట్టిన ఆ సెట్టింగుల మీద డప్పు కొడితే చిర్ర దెబ్బ చప్పబడతది, చిటికెన పుల్ల గలగల మాయమైతది. 2020లో బడులు మూసినప్పుడు వీడియో కాల్‌లో పిల్లలకు దరువు వినిపించబోయిన. "సార్, మీ చెయ్యి ఊగుతుంది గానీ ఏం ఇనొస్తలేదు" అన్నరు. మనిషి మాట తప్ప మిగతాది రొద అని తీసిపారేసేటట్టు దాన్ని తయారుచేసిన్రు. మాదిగ డప్పును తీసెయ్యమని ఎవడూ అందులో రాయలే. రాసినోళ్ల చెవిలో అది లేదు, అంతే.

ఒక ఏప్రిల్ 14న మా వాడ జయంతికి ఆ పిల్లగాడు పనిచేసే కంపెనీ సెట్టే వచ్చింది. డప్పులోళ్లు ఎక్కంగనే ఆపరేటరు మైకులు దూరం జరిపించి, "రొద ఎక్కువైతది" అన్నడు. పిల్లగాడు "అన్నా, ఒక్క నిమిషం" అని పోయి గేటు తీసేసిండు, గెయిన్ తగ్గించిండు, కింది గొంతును కోసే ఫిల్టరు ఎత్తేసిండు. మైకులు దగ్గరికి తెచ్చి, తోలుకు ఎదురుగా కాకుండా అంచువైపు తిప్పిండు. దరువు వాడంతా లేసింది. మా నాయిన కాసేపు విని, "ఎడమ పక్కోని డప్పు ఇంకా కాలలే" అన్నడు.

ఆ సెట్టింగును వాడు మిక్సరులో "మాదిగ డప్పు" అని దాచిండు. వారం తిరక్కముందే ఓనరు ఆ పేరు చూసి చెరిపించిండు. కస్టమర్లు చూస్తే బాగుండదట. అదే వరుసలో గిటారు పేరుంది, తబలా పేరుంది. అప్పటికే వాడు దాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కించుకున్నడు.

మొన్న సొంత మిక్సరు కొనేందుకు బ్యాంకు కాయితాలు పట్టుకొచ్చిండు. జమానతు సంతకం పెట్టిన. షాపుకు ఏం పేరు పెడతవు రా అని అడిగితే, "ముందు లోను రానియ్యి సార్" అన్నడు.