మూకుడు దించేసిన ఇల్లు

కనుమ దాటిన వారం మా క్లినిక్ షుగర్ పేషెంట్లతో కిటకిటలాడుతుంది. "పండగ కదండీ, మాత్రలు ఆపేశాం" అంటారు. ఏటా చెబుతాను, ఏటా ఇదే తంతు. పిండివంటలు తినే రోజున మాత్ర మానేస్తే ఎలా? "బెల్లమే కదా, పంచదార కాదుగా" అని ధైర్యం చెప్పుకునేవాళ్ళు మరికొందరు. బెల్లంలోనూ ఎక్కువ భాగం ఆ చక్కెరే. అరిసెలో దానికి బియ్యప్పిండి తోడు.

కానీ ఒక పెద్దాయన మాత్రలు మానేసిన కారణం విన్నాక నోట మాట రాలేదు.

కోనసీమ రైతు కుటుంబం. భోగికి వారం ముందే వాళ్ళింట్లో అరిసెల పని మొదలయ్యేది. తడిపిండి ఆరకముందే పాకం అందుకోవాలి. పళ్ళెంలో నీళ్ళు పోసి, పాకం చుక్క వేసి, వేళ్ళతో ఉండ కట్టి చూసే పని ఆయనది. చెక్కలతో నూనె నొక్కేది కోడళ్ళు. ఆయనకి షుగర్ అని తేలిన ఏడు పెద్దకొడుకు అన్నీ ఆపించేశాడు. "నాన్న తిననప్పుడు ఎవరికీ వద్దు" అన్నాడట. ప్రేమకొద్దీ అన్న మాటే. ఆ సంక్రాంతికి పిల్లలు బజారు మిఠాయి పెట్టె విప్పుకున్నారు.

తర్వాతి సంక్రాంతికి ముందు ఆయన మాత్రలు మానేసి, "షుగర్ పోయిందన్నారు డాక్టరు గారు" అని ఇంట్లో చెప్పాడు. నేను అననే లేదు. ఇంటిల్లిపాదీ నమ్మారు. మూకుడు మళ్ళీ పొయ్యెక్కింది.

పండగయ్యాక కాలి బొటనవేలి కింద పుండుతో వచ్చాడు. నొప్పి లేదని పసుపు అద్ది ఊరుకున్నాడు. నొప్పి తెలియకపోవడమే అసలు ప్రమాదం. షుగర్ బయటపడేలోపే కొందరికి పాదాల నరాలు మొద్దుబారి ఉంటాయి. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా తెలియదు. పరగడుపున 310 ఉంది. ఇన్సులిన్ మొదలుపెట్టాం, పుండు శుభ్రం చేశాం, ఆ కాలి మీద బరువు మోపవద్దన్నాం. వేలు దక్కింది.

కొడుకుని బయట కూర్చోబెట్టి పెద్దాయన్ని అడిగితే చెప్పాడు. "నా మూలాన పిల్లలకి పండగ లేకుండా పోయింది బాబూ. నేను అరిసె ముట్టలేదు, ఒట్టు. పాకం చూశానంతే."

ఆయన్ని మందలించాల్సినంతా మందలించాను. కొడుకుని పిలిచి అంతకన్నా గట్టిగా చెప్పాను. ఇంట్లో మనిషి పోతే ఏడాదిపాటు పండగ చేసుకోరు. మనిషి కళ్ళెదుట తిరుగుతుండగా ఏటిసూతకం పట్టినట్టు పండగ ఎత్తేస్తే ఆయన ప్రాణం ఎంత విలవిలలాడి ఉంటుంది?

ఇప్పుడు షుగర్ అని కొత్తగా తేలితే ఇంటివాళ్ళని కూడా పిలిచి కూర్చోబెడుతున్నాను. పండగా ఆపొద్దు, మందూ ఆపొద్దు. ఇన్సులిన్ తీసుకుని పూజయ్యేదాకా పస్తుండొద్దు. షుగర్ 70 కన్నా దిగితే వణుకు, చెమటలు పట్టి పడిపోవచ్చు.

ఆ పెద్దాయన భార్య, "వచ్చే పండక్కి సగం అరిసె పెట్టొచ్చా బాబూ?" అని అడిగింది. షుగర్ అదుపులో ఉంటే పెట్టమన్నాను, ఆ పూట అన్నం తగ్గించి. పాకం చూసే పని ఆయనకే ఉంచమన్నాను. కాలి మీద వేడి నూనె చింది పడినా ఆయనకి తెలియదు కనుక పీట మాత్రం పొయ్యికి దూరంగా వెయ్యమన్నాను.