వేరుశనగ గుళ్ళకు బూజు పడితే

మన ఇళ్ళలో బూజు వాసన వచ్చిన వేరుశనగ గుళ్ళను పారేసేవాళ్ళు తక్కువ. కడిగి, ఎండబెట్టి, దోరగా వేయించి పచ్చడి నూరేస్తారు. ఎస్టేట్లలో గింజ గింజా లెక్కపెట్టుకుని బతికిన పెద్దల నుంచి వచ్చిన అలవాటది. పొదుపును నేను తప్పు పట్టను. అయితే ఈ ఒక్క విషయంలో మీతో పోట్లాడక తప్పదు.

గుళ్ళ మీద పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో కనిపించే బూజు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ కావచ్చు. అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. వేయిస్తే బూజు చస్తుంది, విషం చావదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోతే, ఆరా తీయగా మేతలోని వేరుశనగ పిండిలో ఈ విషం బయటపడింది. ఇది వేరుశనగకే పరిమితం కాదు. బియ్యం, మొక్కజొన్న, ఎండుమిరప, ఎండుకొబ్బరి, దేనికైనా పట్టవచ్చు. అంత దూరం ఎందుకు, మన పెరాక్‌లోనే 1988లో నూడుల్స్ తిన్న 13 మంది పిల్లలు కాలేయం చెడి చనిపోయారు. వాళ్ళ శరీరాల్లో అఫ్లాటాక్సిన్ దొరికింది.

అలా ఒక్కరోజులో ప్రాణం తీయడం అరుదు. కొద్దికొద్దిగా ఏళ్ళ తరబడి లోపలికి పోతే కాలేయ క్యాన్సర్ రావచ్చు. హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకు ఆ ముప్పు ఎన్నో రెట్లు.

బాగన్ డతోలో మా నాన్న కొబ్బరి చిప్పలను పొగ మీద ఆరబెట్టేవాడు. వాన తడి తగిలినవాటిని మంచివాటితో కలపనిచ్చేవాడు కాదు. ఈ విషం పేరు ఆయనకు తెలియదు, తడి సంగతి మాత్రం బాగా తెలుసు. మనకు ఏడాది పొడుగునా గాలిలో తేమే కదా! అందుకే పాసర్‌లో చవకగా వచ్చిందని ఐదు కిలోల కచాంగ్ కొనకండి, నెలకు సరిపడా చాలు. గుప్పెట్లో ఆడిస్తే గలగలమనాలి. వేయించే ముందే పళ్ళెంలో పోసి ముడుచుకుపోయినవి, నల్లబడ్డవి, విరిగినవి, మొలకెత్తినవి ఏరేయండి. మిగిలినవి గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. వేడిగా ఉండగా మూత పెడితే లోపల చెమ్మ పడుతుంది. నోట్లో వేసుకున్న గింజ చేదుగా ఉంటే మింగకండి, ఉమ్మేయండి.

ఏరినవి ఆవుకో కోళ్ళకో వేద్దామనుకోకండి. ఆవు తింటే ఆ విషం పాలలోకి వస్తుంది. మా ఇంట్లో వాటిని పాత పేపర్లో చుట్టి చెత్తబుట్టలో వేస్తాను. మా అత్తగారు ఇప్పటికీ అది చూడలేక మొహం అటు తిప్పుకుంటారు.